తాడు పట్టినవాడు

పోయినవారం మిమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు, తెలుసు. ఇవాళే కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి, మళ్ళీ ఆ గుమ్మం దగ్గరికే తీసుకెళ్తాను.

నా పేరు మౌక్తిక, మాది ఏలూరు. కోల్‌కతాలో ఒక ఆసుపత్రి ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. ఒళ్ళంతా చచ్చుబడి, నోట మాట పోయి, తెలివి మాత్రం పూర్తిగా మిగిలిపోయిన మనుషులుంటారు. వాళ్ళ మెదడులో చిన్న పరికరం అమర్చి, వాళ్ళు తలచుకున్నది తెర మీద అక్షరాలుగా వచ్చేట్టు చెయ్యడం మా పని. పెద్దిరాజు బాబాయ్ మాకు మూడో మనిషి. గార్డెన్ రీచ్‌లో మురుగుకాలువల సంస్థ వాళ్ళ క్వార్టర్సులో ఉంటాడు. రెండేళ్ళ కిందట మ్యాన్‌హోల్లో పడి మెడ దెబ్బతింది, మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చిరిగింది. కళ్ళు తప్ప ఏదీ కదలదు. మావాళ్ళు మొదట బెంగాలీ అక్షరాలు పెట్టారు, తర్వాత ఇంగ్లీషు పెట్టారు, ఆర్నెల్లు తంటాలు పడ్డారు. ఈయనకి వచ్చిన చదువల్లా పలాస దగ్గర ఏదో ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదివిన తెలుగేనని అప్పుడెవరికో తట్టింది. అడిగుంటే మొదటిరోజే తెలిసేది, కానీ అడిగినవాడు లేడు. అలా నన్ను పిలిచారు.

అయిదు నెలల సాధన తర్వాత ఆయన మొదటి వాక్యం రాశాడు. "అప్పమ్మా కూడు తిన్నావా" అని. ఎనిమిది అక్షరాలకి పదకొండు నిమిషాలు పట్టింది. అప్పమ్మ ఆయన భార్య, నేను పిన్నీ అని పిలుస్తాను. ఆవిడకి చదువు రాదు. కొడుకు ప్రదీప్‌కుమార్‌ని ఇంట్లో పండు అంటారు. వాడు బెంగాలీ బళ్ళో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. కాబట్టి ఆ ఇంట్లో మొగుడు రాసింది పెళ్ళానికి చేరాలంటే నా గొంతే దిక్కు. నేను చదివి వినిపించగానే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పేసి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ సంగతి వారంలోపే క్వార్టర్సంతా పాకింది. ఆఫీసు దాకా వెళ్ళింది. అక్కడొక ఫైలు ఆగి ఉంది. డ్యూటీలో ప్రమాదం జరిగి మంచాన పడ్డవాడి కొడుక్కి అదే పని ఇస్తారు, క్వార్టరు వాళ్ళకే ఉంచుతారు. పండు కాగితం సంతకానికి సిద్ధంగా ఉంది. మనిషి మాట్లాడుతున్నాడని తెలిసేసరికి, అయితే ఆయన వాంగ్మూలం కూడా తీసుకుని సంతకం పెడతానన్నాడు ఆఫీసరు. సోమవారం వస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఎవరూ పేరెత్తని మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన కోదండం, అప్పమ్మ పిన్నికి స్వయానా తమ్ముడు.

ఇతనంటే ఆవిడకి అంత మంట ఎందుకో చెప్పాలంటే అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. కాలువలోకి దిగేవాడి నడుముకి తాడు కడతారు. పైన ఆ తాడు పట్టుకునేవాడు అయినవాడే కావాలి. అన్నో, తమ్ముడో, బావో, బావమరిదో. పరాయివాడి చేతికి ఇవ్వరు. ఆఫీసు రూల్సులో ఇది ఎక్కడా లేదు. శ్రీకాకుళం నుంచి వీళ్ళ తాతలు వచ్చినప్పట్నుంచి నడుస్తోంది. తాడు పట్టినవాడు వదిలేశాడంటే ఉద్యోగం సంగతి తర్వాత, ముందు చుట్టరికం తెగిపోతుంది. ఆ రోజు పెద్దిరాజు బాబాయ్ తాడు కోదండం చేతిలో ఉంది. విచారణలో "నా చెయ్యి జారింది" అని అతనే చెప్పాడు. అప్పట్నుంచి ఎవరూ అతని చేతికి తాడివ్వలేదు. ఇప్పుడు వాట్‌గంజ్‌లో రోడ్లూడుస్తాడు.

అప్పమ్మ పిన్ని అతని మాటొక్కటే నమ్మి ఊరుకోలేదు పాపం. ఆసుపత్రిలో మొదటివారం, కళ్ళతో అవును కాదు చెప్పడం ఇంకా ఎవరూ నేర్పని రోజుల్లో, మొగుడి చెవిలో అడిగింది, మా తమ్ముడే వదిలీసినాడా అని. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండువైపులా నీళ్ళు కారాయి. అవునన్నట్టే కదా అనుకుంది, మళ్ళీ అడగలేదు. ఆ కన్నీళ్ళ మీద రెండేళ్ళు బతికింది.

"ఎందుకొచ్చినావు?" అంది ఇప్పుడు. ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో జావ గిన్నె. ఆయనకి గొట్టంతో అన్నం పెట్టే వేళ అది.

"బావని సూడ్డానికి."

"రెండేళ్ళకి గురుతొచ్చినాడా?"

"నువ్వే కదప్పా రావద్దన్నావు." శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు.

"అన్నాను. ఇప్పుడూ అంటన్నాను. ఎల్లిపో."

అతను వెళ్ళలేదు. యాభై దాటని మనిషే గానీ అరవై పైబడినట్టున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఏదో ఆఫీసుకి వచ్చినట్టు. నా వైపు తిరిగి, "తెలుగు మేడమంటే నువ్వేనా అమ్మా? ఓ పది నిమిషాలు బావనీ నన్నూ ఒగ్గీగలవా?" అన్నాడు.

"ఆయన తలకి మిషను తీగ కలిపి ఉండగా నేను గది దాటకూడదండీ," అన్నాను. నిజంగానే అది మా నియమం. కానీ నియమం లేకపోయినా కదిలేదాన్ని కాదు. అంత కుతూహలం నాకు.

"నాను ఇనకూడని మాటేటి?" అంది పిన్ని. గిన్నె కింద పెట్టింది. "మంచిదే అయినాది ఒచ్చినావు. రెండేళ్ళ బట్టి నా గుండెలో ఉన్న మాట ఇయ్యాల ఆయన్నే అడుగుతాను, నీ ముందరే. మిషనున్నాది. పిల్ల సదుతాది."

"ఒద్దప్పా."

"ఎందుకొద్దు?"

"ఒద్దన్నానా."

"సూసినావా," అంది నాతో. "సెయ్యి జారిందంట. జారినోడికి భయమెందుకు?"

నేనూ అలాగే అనుకున్నాను. తప్పు చేసినవాడు సాక్షి నోరు మూయించడానికి వచ్చాడనే అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పనిచేసింది.

పిన్ని మంచం మీద వంగి, మొగుడి చెవి దగ్గర నోరుపెట్టి, "మా తమ్ముడు తాడు ఒగ్గీసినాడా లేదా, ఉన్నది ఉన్నట్టు సెప్పు," అంది. నేను పద్ధతి ప్రకారం, "మీకు చెప్పాలని ఉందా బాబాయ్?" అని అడిగాను. ఒక రెప్ప అంటే అవును, రెండు అంటే కాదు. ఒకసారి వాల్చి ఎత్తాడు. తెర ఆయన వైపు తిప్పాను.

తెర మీద తెలుగు అక్షరాలు వరసలుగా ఉంటాయి. ఒక్కో వరసా వెలుగుతూ పోతుంది. తనకి కావాల్సిన వరస వెలిగినప్పుడు ఆయన కుడి పిడికిలి బిగించాననుకోవాలి. పిడికిలి కదలదు, కానీ బిగించాలన్న తలపు మెదడులో పుడుతుంది కదా, మిషను దాన్ని పట్టుకుంటుంది. తర్వాత ఆ వరసలో అక్షరం, ఆ తర్వాత దాని గుణింతం. ఒక్కోటి వచ్చేసరికి పక్కనున్నవాళ్ళకి ప్రాణం పోతుంది.

"తా" పడింది. కాసేపటికి "డు" పడింది.

కోదండం గుమ్మం దాటి వచ్చి బావ పాదాలు పట్టుకున్నాడు. "బావా, ఒద్దు. రేపు ఆఫీసరొస్తన్నాడు. పండు కాయితం ఆయన సేతిలో ఉన్నాది. రెండేళ్ళు మోసినాను, ఇంకో రోజు మొయ్యలేనా?"

"ఏటి మోసినావు?" అంది పిన్ని.

"నా" పడింది. "నే" పడింది. తర్వాత "ఇ".

తర్వాత ఏ మాట రాబోతోందో నాకు అర్థమైంది. కోదండం కూడా తెర వంకే చూస్తున్నాడు, పెదవులు కదుపుతూ. అతనికి చదువొచ్చని అప్పుడు తెలిసింది. అయిదో క్లాసు చదివాడట. మిగతా అక్షరాలు పడేదాకా ఇద్దరం తెర ముందే నిలబడ్డాం. అన్నీ పడ్డాక అతను నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "సదవకమ్మా," అన్నాడు.

"ఏటి రాసినాడు?" అంది పిన్ని.

నేనేమీ ధైర్యవంతురాల్ని కాను. ఎవరైనా గట్టిగా అడిగితే కాదనలేని మనిషిని. కానీ మొదటిరోజు బాబాయ్‌కి ఒక మాటిచ్చాను. మీరు రాసింది రాసినట్టు చదువుతాను, ఒక అక్షరం కలపను, ఒక అక్షరం మింగను అని. ఆయన నన్నే చూస్తున్నాడు. చదివేశాను.

"తాడు నానే ఇప్పినాను."

పిన్ని మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. "సెప్పు," అంది.

అతను కిందే కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. "అడ్డుగొట్టంలోకి దూరాలంటే తాడు అడ్డమొస్తాదప్పా. మెలికపడిపోయి మెడకి సుట్టుకుంటాది. అందుకని అందరం ఇప్పీసి, లోపలున్న ఇనప మెట్టుకి కట్టీసి దూరతాం. పనైపోయినాక మళ్ళీ నడుముకి కట్టుకుని ఎక్కుతాం. నానూ అలాగే దిగీవోడిని. ఇంట్లో ఆడోళ్ళకి సెప్పం. ఆ దినం నాను మజ్జమజ్జన తాడు లాగి సూసినాను. బిగువుగానే ఉన్నాది. మెట్టుకి కట్టున్నాది కదా, బిగువుగానే ఉంటాది. బావున్నాడనుకున్నాను. అరగంట అలాగే పట్టుకు కూకున్నాను. ఆయన గొట్టంలోంచి ఒచ్చి, గాలాడక, తాడు కట్టుకోకుండానే ఎక్కబోయి పడిపోయినాడు. సప్పుడిన్నాకే నాకు తెలిసింది."

"మరి సెయ్యి జారిందని ఎందుకన్నావు?"

"దిగినోడు తనంతట తాను తాడు ఇప్పుకుంటే ఆఫీసుకి బాజ్జెత లేదని కాయితం మీద మా అందరి ఏలిముద్రలున్నాయి. నిజం సెప్తే ఈ ఇల్లుండదు, పండుకి పన్రాదు. సెయ్యి జారిందంటే డ్యూటీలో ప్రమాదమని రాసుకుంటారు. అప్పుడు నాకదే తోచినాది."

కింద వీధిలో ఆటోవాడు డాక్ గేటుకి మనుషుల్ని పిలుస్తున్నాడు. పిన్ని అన్న తర్వాతి మాట నేను ఊహించనిది.

"అమ్మన్నమ్మ పోయినప్పుడు నాను రాలేదు."

అమ్మన్నమ్మ కోదండం భార్య. పోయినేడాది కామెర్లతో చనిపోయింది.

"పోనీలేప్పా."

"కబురంపినావు. తలుపు తియ్యలేదు నాను. లోపల కూకున్నాను, ఇదిగో ఈ మంచం పక్కన. ఆడి ఇంట్లో శవం లేస్తే నాకేటని కూకున్నాను." "దానికైనా సెప్పినావా, నీ సెయ్యి జారలేదని?"

"సెప్పలేదు."

"కట్టుకున్నదానికి సెప్పలేదా?"

"సెప్తే అది ఆగదు కదప్పా. నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చీసును."

పిన్ని వచ్చి నేల మీద కూర్చుంది. తమ్ముడి భుజం పట్టుకుని ఏడ్చింది. మెల్లిగా మాట్లాడుకునే ఇల్లే కాదది, బెంగాలీలో తిట్లు, హిందీలో బేరాలు, తెలుగులో దెబ్బలాటలు. ఆ ఇంట్లో ఆ ఏడుపు ఒక్కటే వినిపించింది. నేనూ ఏడ్చాను. ఉద్యోగానికి వచ్చినదాన్ని, ఏడవకూడదని శిక్షణలో చెప్పారు. ఆ శిక్షణ ఇచ్చినవాళ్ళు ఆ గదిలో లేరు.

ఆ గొడవలో మిషను సంగతి మర్చిపోయాను. చూసేసరికి బాబాయ్ మళ్ళీ రాస్తున్నాడు. ఎప్పుడు మొదలెట్టాడో తెలీదు. చెమట నుదుటి మీంచి కంట్లోకి కారుతోంది, తుడిచాను. ఒక్కో అక్షరం కోసం వరసలు తిరుగుతూనే ఉన్నాయి. రెండు వాక్యాలు. బయట ఎండ గోడ దిగిపోయేదాకా పట్టింది.

"రేపు ఆఫీసరుకి ఇదే సెప్తాను. పండు దిగకూడదు."

చదివాను. కోదండం తల దించుకున్నాడు. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది. నేను ఆవిడని అయిదు నెలలుగా చూస్తున్నాను. ఆ నిలబడ్డ తీరు నాకు తెలియనిది.

"ఇన్నాను," అంది మొగుడితో. "నీ మాట ఇన్నాను. ఇప్పుడు నా మాట ఇను. పండు మెటియాబ్రుజ్‌లో జీన్‌ప్యాంట్లు కుడతన్నాడు. ఆదోరం కూడా సెలవు లేదు. పనున్న దినం కూడు, లేని దినం లేదు. ఆడు పర్మినెంటు కావాలని నువ్వే అనీవోడివి. ఈ ఇల్లు తీసీస్తే నిన్నెక్కడ పెట్టుకోను? ఈ గొట్టాలు, ఈ మిషను, రాత్రీ పగలూ ఈ కరెంటు. ఏ ఇంటోడు రానిస్తాడు మనల్ని? సెరిపీమని సెప్పు ఈ పిల్లకి."

రెండు రెప్పలు.

"ఆడు నీలాగ తాడు ఇప్పడు. నాను ఒట్టేయించుకుంటాను."

రెండు రెప్పలు. కాలువ లోపల ఆ అడ్డుగొట్టంలో ఏముంటుందో ఆ గదిలో తెలిసినవాళ్ళిద్దరు. అందులో ఒకడు మంచం మీద ఉన్నాడు, ఒకడు నేల మీద కూర్చుని తల ఎత్తడం లేదు.

"నువ్వు సెరిపీ అమ్మా," అంది నాతో.

"ఆయన అడిగితేనే చెరపాలి పిన్నీ. మిషను ఆపేసిన నిమిషంలో ఇదంతా ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. ఈలోగా వద్దనుకుంటే ఆయన చెప్పాలి."

"ఈ మిషనుకి ఏలిముద్ర ఏసినదెవరు?"

వేసింది ఆవిడే. ఆయన చెయ్యి కదలదు కాబట్టి ఆయన తరఫున ఆవిడ వేలిముద్ర తీసుకున్నాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదని నేనే చదివి వినిపించాను, అర్థమైందా పిన్నీ అని రెండుసార్లు అడిగాను కూడా. బాగానే అర్థమైంది.

ఆవిడ మంచం తలవైపుకి వెళ్ళింది. ఆయన తలలో అమర్చిన బిళ్ళకి మా తీగ మరతో బిగించి ఉంటుంది. రోజూ నేను చేసేది చూస్తూనే ఉంది కదా. ఒక చేత్తో తల కదలకుండా పట్టుకుని, ఇంకో చేత్తో ఎడమకి తిప్పి, తీగ తీసేసింది. నాకన్నా మెత్తగా తీసింది. బిళ్ళ చుట్టూ దూదితో తుడిచి మూత పెట్టింది. ఆయన మొహం వంక మాత్రం చూడలేదు.

"అలిసిపోయినావు. పడుకో," అంది.

ఆయన మాట కోసం అందరికన్నా ఎక్కువ ఎదురుచూసింది ఈ మనిషే. అయిదు నెలలు ఆ తెర ముందు, అర్థంకాని అక్షరాల ముందు కూర్చుంది. ఒక వారం మాట్లాడనిచ్చి ఆవిడే నోరు మూసేసింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం రెండు క్షణాలు కూడా నిలవలేదు. ఆవిడ ఆయన దుప్పటి సర్దుతోంది, ఒకే మడతని మళ్ళీ మళ్ళీ.

"రేపు ఆఫీసరొస్తే మిషను పాడైపోనాదని నువ్వే సెప్పాల," అంది నాతో. "సెరిపీసినావా?"

చదువు రానివాళ్ళు తెర చూడరు, మనిషి మొహం చూస్తారు. ఆవిడ నా మొహమే చూస్తోంది.

"చెరిపేశాను పిన్నీ," అన్నాను.

చెరపలేదు. మూడు వాక్యాలూ తెర మీద అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చదివిన గొంతుతోనే ఆ అబద్ధం చెప్పాను, కాబట్టి ఆవిడ నమ్మింది. జావ చల్లారిపోయిందని గిన్నె తీసుకుని వంటింటి వైపు కదిలింది.

కోదండం నేల మీంచి లేచాడు. తెర ముందుకి వచ్చి నిలబడ్డాడు. పెదవులు కదుపుతూ మొదటి వాక్యం చదువుకున్నాడు, తర్వాత రెండోది, తర్వాత మూడోది. బావ వంక చూశాడు. నా వంక చూశాడు. చెరపలేదని అతను చెప్తే పండుకి కాగితం వస్తుంది, చెప్పకపోతే పండు ఆ గోతిలోకి దిగడు, రెండూ ఇప్పుడు అతని నోట్లోనే ఉన్నాయి.

"అప్పా," అన్నాడు వంటింటి వైపు తిరిగి. "ఓసారిటు రా."